ఆరింటికి ఫోన్, ఆరింటికే పార్కు

సమస్య: మాది రాజమండ్రి. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు న్యూజెర్సీలో ఉన్నాం. మావారి ఉద్యోగం మారి ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్ వచ్చాం. నల్లగండ్లలో పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాం. న్యూజెర్సీలో నాకు బోలెడుమంది స్నేహితులు. శనివారాలు పిల్లలకు తెలుగు నేర్పేదాన్ని. ఇక్కడ నాలుగు వందల ఫ్లాట్లున్నా పలకరించే మనిషి లేదు. ఒకసారి కిట్టీ పార్టీకి వెళ్తే ‘మీ గోదావరివాళ్లలా ఆయ్ అనండి’ అని నవ్వారు. మళ్లీ వెళ్లలేదు. మావారేమో ‘మన భాషే, మన మనుషులే, ఇంకేం కావాలి’ అంటారు. అమ్మకి బాగున్నాననే చెబుతున్నా. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా న్యూజెర్సీ ఫ్రెండ్స్‌తో మాట్లాడే గంట ఒక్కటే కాస్త బాగుంటుంది. మా ఎనిమిదేళ్ల పాప కూడా ‘ఇంటికెప్పుడు వెళ్తాం’ అంటోంది. తిరిగి వెళ్లిపోవడమే మంచిదా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, వెళ్లాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. బాధలో ఉన్నప్పుడు వదిలొచ్చిన ఊరు ఉన్నదానికన్నా అందంగా కనబడుతుంది. న్యూజెర్సీలో మొదటి ఎనిమిది నెలలు ఎలా గడిచాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ బోలెడుమంది అప్పటికే ఉన్నారా?

మీవారి మాటలో చెడ్డ ఉద్దేశం లేదు గానీ, పొరపాటు ఉంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నామంటే అందరూ అయ్యో అంటారు. తెలుగు మాట్లాడే ఊళ్లో ఒంటరిగా ఉన్నామంటే నీకేం తక్కువ అంటారు. అందుకే రెండోది చెప్పుకోవడం కష్టం. పైగా రాజమండ్రి వేరు, హైదరాబాద్ వేరు. మీరు ఎరిగున్న ఊరికి తిరిగి రాలేదు, కొత్త ఊరికి వచ్చారు. ఆయనతో ఈ మాటే చెప్పండి.

ఇక మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది ఆ సాయంత్రం గంట దగ్గర. మనకి ఆరంటే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో అయితే ఏడున్నర. మీ స్నేహితులు పిల్లల్ని స్కూల్లో దింపి, కారు నడుపుతూ మీతో మాట్లాడుతుంటారు. వాళ్లకి అది ఎలాగూ దారిలో పోయే సమయం. మీకో? ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా పిల్లలు ఉయ్యాలల దగ్గరకి చేరేది, తల్లులు, అమ్మమ్మలు బెంచీల మీద కూర్చునేది సరిగ్గా ఆ గంటలోనే. రోజంతా మనుషులు లేరని బాధపడి, మనుషులు కిందకి దిగే వేళకి మీరు పైన తలుపేసుకుని ఫోన్ పట్టుకుంటున్నారు. ఆ స్నేహాలు వదులుకోమనడం లేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి మార్చుకోండి. వాళ్లకి అప్పుడు శనివారం రాత్రి, తీరిగ్గా మాట్లాడతారు.

నేను 1991లో నరసరావుపేట నుంచి వచ్చి చిక్కడపల్లిలో దిగినప్పుడు మాకు రోజు విడిచి రోజు నీళ్లు వచ్చేవి. తెల్లవారుజామున పక్కింటావిడ ‘నీళ్లొచ్చినయ్’ అని తలుపు కొట్టేది. ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకీ సగమే అర్థమయ్యేది. ఆర్నెల్లు బిందెలు పట్టేసరికి ఆవిడ నాకు అక్క అయిపోయింది. మీకు ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు, పాలు గుమ్మం దగ్గరకే, కూరలు ఫోన్ నొక్కితే వస్తాయి. తలుపు కొట్టే అవసరం ఎవరికీ లేదు. కాబట్టి ఆ అవసరాన్ని మీరే కల్పించుకోవాలి.

అది మీ చేతిలోనే ఉంది. తెలంగాణలో అన్ని బోర్డుల స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరిగా నేర్పాలని 2018లో చట్టం వచ్చింది. మీ టవర్లలో హిందీ, తమిళం, ఒడియా మాట్లాడే ఇళ్లు ఉండకపోవు. గుణింతాలు, ఒత్తులు పిల్లలకి ఎలా చెప్పాలో తెలియక ఆ తల్లులు తల పట్టుకుంటుంటారు. అసోసియేషన్ వాళ్లని అడిగి శనివారం ఒక గంట క్లబ్‌హౌస్‌లో చోటు తీసుకోండి. నలుగురు పిల్లలు వచ్చినా చాలు. డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది మూడు నెలల తర్వాత చూసుకోవచ్చు. మీ పాపకి స్నేహితులు కూడా అక్కడే దొరుకుతారు, దానికి వేరే మందు అక్కర్లేదు.

స్నేహితుల కోసం వెతక్కండి. అదే మనుషులు, అదే రోజు, అదే చోటు దొరికే పని ఒకటి వెతకండి. లామకాన్‌కి వెళ్లమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన మంచి చోటు. నాటకాలు, చర్చలు, పాటలు జరుగుతుంటాయి, చవకగా చాయ్, సమోసా దొరుకుతాయి. కానీ నల్లగండ్ల నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్లి వస్తే మనిషి మిగలడు. నెలకోసారికి బాగుంటుంది. వారం వారం అయితే దగ్గర్లోదే పట్టుకోండి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల గుంపులుంటాయి. పరుగు మీద ఆసక్తి ఉంటే ‘హైదరాబాద్ రన్నర్స్’ ఉంది. పక్షులు చూసేవాళ్లు కెమెరాలు మెడలో వేసుకుని అమీన్‌పూర్ చెరువుకి వెళ్తుంటారు, అది మీకు పెద్ద దూరం కాదు. ఏది ఎంచుకున్నా ఆరేడుసార్లు వెళ్లాకే తీర్పు చెప్పండి. మొదటి రెండుసార్లు ఎక్కడైనా ఇబ్బందిగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఒంటరిగా ఉన్న కొత్తవాళ్లని టీకి పిలిచి, రెండో కప్పు దగ్గర ‘ఇంట్లో కూర్చునే సంపాదించొచ్చు’ అని సబ్బులు, పొడుల డబ్బాలు బయటికి తీసేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. చిట్టీలంటారు, స్కీములంటారు. కప్పు కింద పెట్టి లేచి వచ్చేయండి.

యాస సంగతి. వాళ్లు ఆటపట్టించే అని ఉండొచ్చు, మీకు గుచ్చుకున్న మాటా నిజమే. ఈసారి ఎవరైనా అంటే ‘ఆయ్, చెప్పండి’ అని నవ్వేసి చూడండి. దసరా ముందు మీ ఆవరణలో బతుకమ్మ ఆడితే మాత్రం బాల్కనీలోంచి చూడకండి. ముందు రోజే కిందకి దిగి, పెద్దావిడ ఎవరినైనా ‘తంగేడు, గునుగు ఎలా పేర్చాలో నాకు నేర్పిస్తారా’ అని అడగండి. ఒక పళ్లెం, కాసిని పూలు తీసుకెళ్లండి. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మనాడు వాళ్లు పులిహోర తెస్తారు, మీరు మీ గోదావరి పులిహోర పట్టుకెళ్లండి. ఎవరిది బాగుందన్న గొడవలో ఇద్దరు తెలిసినవాళ్లు ఎలాగూ తేలతారు.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకి మించి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ వాళ్లు రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ‘చచ్చిపోతే బాగుండు’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, అప్పుడే చెయ్యండి.

ఇక అమ్మ. బాగున్నానని అబద్ధం చెప్పడం మానేయండి. ఆవిడ గొంతు పట్టి ఎప్పుడో కనిపెట్టే ఉంటారు. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే పొద్దునకి ఇక్కడ దిగుతారు. ఒక నెల ఉండమని పిలవండి. రోజూ ఆరింటికి ఆవిడని కింద బెంచీ మీద కూర్చోబెట్టండి. మీ టవర్‌లో ఏ అంతస్తులో ఎవరున్నారో, ఎవరి కోడలు ఏ ఊరిదో వారం తిరక్కుండా ఆవిడే మీకు చెబుతారు.