పెట్రోల్‌తో ఇంజన్ కేసులు కడిగితే చేతులు పగులుతున్నాయి.. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. వరంగల్‌లో టూవీలర్ మెకానిక్‌ని. ఇంజన్ విప్పినప్పుడల్లా దాని పైడొప్పలైన కేసులు, హెడ్ పెట్రోల్‌లో పెట్టి ఒట్టి చేతులతో కడుగుతాను. ఏడాదిగా అరచేతులు పగిలి మంట పుడుతున్నాయి. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులుంటే చాలావరకు తగ్గింది. షెడ్డు తెరవగానే మళ్లీ మొదలైంది. సాయంత్రానికి తలనొప్పి కూడా వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తున్నాను. ఈమధ్య కేసులు తెల్లగా రావాలని కాస్టిక్ సోడా కూడా వాడుతున్నాను. ఇది ఇన్ఫెక్షనా?

జవాబు: మీరు రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది సంక్రాంతి సంగతి. పని ఆపితే తగ్గి, మొదలుపెడితే తిరగబెడుతోందంటే ఇది చాలావరకు ఇన్ఫెక్షన్ కాదు. చేతికి తగిలే రసాయనాల వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్. మన చర్మం పైపొరలో ఉండే కొవ్వు పదార్థమే తేమను పట్టి ఉంచుతుంది. కేసు మీది జిడ్డును కరిగించే పెట్రోల్ ఆ కొవ్వునూ కరిగిస్తుంది. అందుకే చేతులు ఎండి పగులుతున్నాయి.

పని అయ్యాక చేతులకున్న గ్రీజును కూడా పెట్రోల్‌తోనే తుడిచి, ఆపైన బట్టల సబ్బు పొడితో రుద్దుకోవడం చాలామంది మెకానిక్‌లలో చూస్తుంటాను. మీకూ ఆ అలవాటుంటే ఈ రోజే మానేయండి, సగం బాధ దాంతోనే తగ్గొచ్చు. కాస్త కొబ్బరినూనె రాసుకుంటే గ్రీజు వదులవుతుంది. గుడ్డతో తుడిచి, మామూలు ఒంటిసబ్బుతో కడుక్కోండి. రాత్రి పడుకునేముందు పెట్రోలియం జెల్లీ మందంగా పట్టించండి. పేరు చూసి భయపడకండి, అది పెట్రోల్‌లా చర్మాన్ని ఎండబెట్టదు, తేమను పోనివ్వదు.

ఆ క్రీమ్ మాత్రం ఆపండి. అలా ఇచ్చే క్రీముల్లో తరచూ స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఒకవేళ నిజంగానే ఫంగస్ ఉంటే స్టెరాయిడ్ వల్ల అది ముదురుతుంది. చర్మవైద్యుడు మీ చేతులు చూసి, అవసరమైతే ప్యాచ్ టెస్ట్ (ఏ పదార్థం పడట్లేదో చర్మం మీద అతికించి చూసే పరీక్ష) చేసి, ఎంత మందు ఎన్ని రోజులో చెబుతారు.

తలనొప్పి పెట్రోల్ ఆవిరి వల్ల కావచ్చు. పెట్రోల్‌లో కొద్దిపాళ్లలో బెంజీన్ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి అది లోపలికి వెళ్తే ఎముక మూలుగ దెబ్బతిని రక్త క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. ఈ ఆవిరి గాలికన్నా బరువు, కింద కూర్చుని ట్రేలో కడిగేవారి ముక్కు దగ్గరే ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. కాబట్టి పెట్రోల్ బదులు నీళ్లలో కలిపే డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం), గోరువెచ్చని నీళ్లు, నైలాన్ బ్రష్ వాడండి. షట్టర్ తెరిచి, గాలి తగిలేచోట కడగండి. సన్నటి లేటెక్స్ గ్లవ్స్‌ను పెట్రోల్ త్వరగా పాడుచేస్తుంది, కృత్రిమ రబ్బరుతో చేసిన మందపాటి నైట్రైల్‌వి కొనుక్కోండి. అలసట, ఒంటిమీద కారణం లేకుండా నీలిమచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే వైద్యుడిని కలిసి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించుకోండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది కాస్టిక్ సోడా. మీరు కడిగే కేసులు అల్యూమినియంవి, అల్యూమినియానికీ కాస్టిక్‌కూ అసలు పడదు. కేసు నల్లబడుతుంది, లోహం కూడా తినేసుకుపోతుంది. నురగతో బాగా వేడెక్కి హైడ్రోజన్ వాయువు వస్తుంది, పక్కన నిప్పురవ్వ ఉంటే అంటుకుంటుంది. ఆ నురగతో లేచే తుంపర్లు ముక్కును, గొంతును కాలుస్తాయి. చర్మం మీద పడితే మొదట్లో పెద్దగా నొప్పి లేకుండానే లోతుకు దిగిపోతుంది. కంట్లో ఒక్క చుక్క పడినా చూపు పోవచ్చు.

పొరపాటున పడితే తడిసిన బట్టలు తీసేసి, కనీసం అరగంటపాటు ధారగా నీళ్లు పోయాలి. నిమ్మరసం, వెనిగర్, పసుపు ఏవీ వేయొద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అలాగే కడిగి, ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

కాస్టిక్ మానేసి, అల్యూమినియం మెరవడానికని అమ్మే యాసిడ్ సీసాలు తెచ్చుకుంటారేమో, వాటి జోలికీ వెళ్లకండి. కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది తగిలిన కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలుకావచ్చు, ఒంట్లో కాల్షియం పడిపోయి గుండె లయ దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఎప్పుడైనా తగిలితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరండి, ఆ సీసాను కూడా వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.