కంట్రోలర్ కొనేముందు స్విచ్ బోర్డు విప్పి చూడు

నాయనా,

నువ్వు పంపిన లింకులన్నీ చూశాను. ఇంట్లో లైట్లూ మోటారూ ఫోన్‌తో నడిపించుకోవడానికి ఏ హబ్ (అన్నిటినీ అదుపు చేసే కంట్రోలర్) కొనమంటావు పెద్దనాయనా అని అడిగావు కదా, దానికంటే ముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, ఒక్కో గదిలో బోర్డు ప్లేటు విప్పించి లోపల ఫొటో తీసి నాకు పంపు. అనంతపురంలో నువ్వు కొన్న మిద్దె పాతది. అలాంటి ఇళ్లలో ఫేజు (కరెంటు తెచ్చే తీగ) స్విచ్ దాకా దిగుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే తీగ) మాత్రం పైనుంచి పైనే లైటుకు పోతుంది. బోర్డులో ప్లగ్ పాయింట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే లెక్క, ఉత్త స్విచ్‌లే ఉంటే అనుమానమే. స్విచ్ వెనక పెట్టే స్మార్ట్ మాడ్యూల్ (ఫోన్‌తో లైటు ఆర్పి వెలిగించే చిన్న పెట్టె) నడవాలంటే మామూలుగా న్యూట్రల్ కావాలి. అది లేకుండా పనిచేసే మాడ్యూల్స్ దొరుకుతాయి గానీ వాటితో చిన్న ఎల్‌ఈడీ లైట్లు ఆపినా మిణుకుమంటుంటాయి, పైగా అవి చాలావరకు పక్క పరికరం సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపవు. ఇది ఎంత పెద్ద లోటో కింద చెప్తాను.

ఇప్పుడు రేడియో సంగతి, అంటే ఈ పరికరాలు తీగ లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. జడ్-వేవ్, జిగ్‌బీ, థ్రెడ్ అలాంటివే. అమెరికా నుంచి మీ బావ జడ్-వేవ్ స్టిక్ (కంప్యూటర్‌కు గుచ్చే రేడియో) తెస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. అక్కడిది 908 మెగాహెర్ట్జ్‌ మీద నడుస్తుంది, మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన బ్యాండు 865 దగ్గర ఉంది. ఆ స్టిక్ ఇక్కడి జడ్-వేవ్ స్విచ్‌తో మాట్లాడనే మాట్లాడదు, ఇక్కడ దాన్ని వాడటం రూలు ప్రకారం తప్పు కూడా. జిగ్‌బీకి ఆ తంటా లేదు, 2.4 గిగాహెర్ట్జ్ కాబట్టి ఎక్కడ కొన్నా ఒకటే. వైఫై స్విచ్‌లు రెండు మూడు అయితే పర్వాలేదు, ఇల్లంతా ముప్పై నలభై పెడితే ఇంటర్నెట్‌వాడు ఇచ్చిన రూటర్ మూలుగుతుంది. 2022లో వచ్చిన మ్యాటర్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా చేసిన ఉమ్మడి ప్రమాణం) మంచిదే, అయితే థ్రెడ్ మీద నడిచే మ్యాటర్ పరికరాలకు బోర్డర్ రూటర్ (థ్రెడ్‌ని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే పరికరం) విడిగా కావాలి, జిగ్‌బీ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే జిగ్‌బీ రేడియో) ఉంది కదా అని అది వాటిని పట్టుకోదు. నా మాట విను, స్విచ్‌లకూ సెన్సర్లకూ జిగ్‌బీ తీసుకో. నీ దగ్గర మూలనపడిన ల్యాప్‌టాప్ ఉంది కదా, దాంట్లో హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి, సీసీ2652 చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కొను. ఆ రెండూ కలిస్తే అదే నీ హబ్. సీసీ2531 అని చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు, పాతబడిపోయింది, ఓ ఇరవై పరికరాలు తగిలేసరికి చేతులెత్తేస్తుంది.

డాంగిల్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర నేను పడ్డ అవస్థ చెప్తాను. కడపలో మా ఇంట్లో మొదట దాన్ని కంప్యూటర్ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చాను, పక్కనే వైఫై రూటర్, వెనకాల బీరువా. పెరటి తలుపు సెన్సర్ రోజుకు రెండుసార్లు మాయమయ్యేది. వారం రోజులు సెన్సర్‌ని తిట్టుకున్నాను, బ్యాటరీలు మార్చాను, కొత్తది తెప్పించాను, అదీ అంతే. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుందని ఆ తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ణి, నాకు తట్టకపోవడం సిగ్గుచేటే. మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, డాంగిల్‌ని యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలించి, బీరువాకీ రూటర్‌కీ దూరంగా గోడకు వేలాడదీశాను. ఆ రోజు నుంచి అదే సెన్సర్, అదే తలుపు, ఒక్కసారి కూడా పోలేదు.

వైఫై, జిగ్‌బీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే కాబట్టి ఒకదానికొకటి అడ్డుపడకుండా ఛానల్ మొదటి రోజే తేల్చుకో. రూటర్‌లో వైఫైని ఛానల్ 1 మీద, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో కట్టేసి, జిగ్‌బీని 20 లేదా 25 మీద పెట్టు. ఆటో అని వదిలేస్తే రూటర్ తనిష్టమొచ్చినట్టు తిరుగుతుంది. అన్నీ కలిపాక జిగ్‌బీ ఛానల్ మారిస్తే కొన్ని పరికరాలు అలిగి కూర్చుంటాయి, మళ్లీ ఒక్కొక్కదాన్నీ బుజ్జగించాలి.

ఇక కలపడం. కరెంటు మీద నడిచేవి ముందు, బ్యాటరీవి తర్వాత. న్యూట్రల్ ఉన్న స్విచ్ మాడ్యూలు, స్మార్ట్ ప్లగ్ లాంటివి ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని ముందుకు పంపుతాయి, బ్యాటరీ సెన్సర్ ఆ పని చెయ్యదు. మీ వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది రెండడుగుల రాతిగోడ, దాన్ని దాటాలంటే గుమ్మానికి అటొకటి ఇటొకటి ప్లగ్గులు ఉండాల్సిందే. డాంగిల్ దగ్గరి గదితో మొదలుపెట్టి బయటికి పో. దేన్నైనా అది ఉండబోయే చోటే పెట్టి జత చెయ్యి, టేబుల్ మీద కలిపి తర్వాత తీసుకుపోతే కొన్ని సెన్సర్లు పాత దారినే పట్టుకుని వేలాడతాయి. అన్నీ అయ్యాక పర్మిట్ జాయిన్ (కొత్త పరికరాలను చేర్చుకునే సెట్టింగు) ఆపెయ్యి.

స్మార్ట్ బల్బులు మాత్రం వద్దు. మా అమ్మ రాత్రి తొమ్మిదింటికి గోడ స్విచ్‌లన్నీ టకటకా ఆర్పేస్తుంది, అరవై ఏళ్ల అలవాటు, ఎవరు మాన్పగలరు! వసారాలో బల్బు ఆరగానే దాని మీద ఆధారపడిన గేటు సెన్సర్ కూడా పోయేది. బల్బులు పీకేసి స్విచ్ వెనక మాడ్యూల్ పెట్టించాక ఆమె నొక్కినా, నేను ఫోన్‌లో ఆపినా గొడవ లేదు. మీ అత్త కూడా మీ దగ్గరే ఉంటుంది కదా.

బోరు మోటారు సంగతి వేరు. 16 ఆంపియర్ల రిలే (మాడ్యూల్ లోపలి స్విచ్) అని పెట్టె మీద రాశారని మోటారును నేరుగా దానికి తగిలించొద్దు. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, రిలే పాయింట్లు అతుక్కుపోతాయి, ఇక అది ఆగదు. కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే రిలే) పెట్టించి, దాని కాయిల్‌ని మాత్రమే మాడ్యూల్‌తో నడిపించు. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను ఆన్ కాకుండా సెట్టింగులో ఆఫ్ అని పెట్టు, గీజరుకూ అంతే. లైట్లకు నీ ఇష్టం.

లాప్‌టాప్, వైఫై రూటర్ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. బ్యాకప్ నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో, డాంగిల్ కాలిపోతే అదొక్కటే దిక్కు.

ముందు ఆ బోర్డు ఫొటోలు పంపు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను, ఎక్స్‌టెన్షన్ కేబుల్ నా దగ్గర ఒకటి ఎక్కువుంది, నువ్వు కొనొద్దు.

మీ పెద్దనాయన