లైకులు లెక్కపెట్టడం కూడా ఉద్యోగమేనా? గద్వాల తండ్రికి జవాబు

ప్రశ్న: మాది గద్వాల. మా బిడ్డ మహబూబ్‌నగర్‌లో బీకాం ఫైనలియర్. ఇక్కడి ఒక చీరల షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తనే చూసుకుంటుంది, నెలనెలా కొంత ఇస్తున్నారు. డిగ్రీ కాగానే హైదరాబాద్ పోయి ఇదే పని చేస్తానంటుంది. నేను బ్యాంకు కోచింగ్‌కు పంపుదామనుకుంటున్నా. లైకులు లెక్కపెట్టడం కూడా ఉద్యోగమేనా సార్?

జవాబు: ఉద్యోగమే అన్నా. కాకపోతే లైకులు చూపించినందుకు ఎక్కువ రోజులు ఎవరూ జీతం ఇవ్వరు. ఆ లైకుల వల్ల షాపుకు ఏమొచ్చింది, ఎన్ని చీరలు పోయినయి అని చెప్పగలిగినవాళ్లకే ఈ లైన్‌లో నిలకడ ఉంటుంది. మీ అమ్మాయి ఆ లెక్క చెప్పగలదా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

ఒక ఉదాహరణ చెప్తా. షాపువాళ్లు రెండు రీల్స్ పెట్టారనుకోండి. ఒకటి ట్రెండింగ్ పాటకు చీర కట్టుకుని తిరిగే వీడియో, 40,000 మందికి చేరింది, లైకులు, కామెంట్లు అన్నీ కలిపి 2,100. రెండోది నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఎట్ల కలుపుతారో నేతన్న మగ్గం మీద చూపించేది. ఇది 5,000 మందికే చేరింది గానీ 250 లైకులు, 200 సేవ్‌లు, 100 షేర్లు, రేటెంత అని 40 కామెంట్లు వచ్చినయి. ఓనర్ మొదటిది చూసి సంబరపడతాడు. కానీ చూసినవాళ్లలో ఎంతమంది స్పందించారని తీస్తే మొదటిది 5 శాతం పైచిలుకు, రెండోది దాదాపు 12. ఎంగేజ్‌మెంట్ రేటు అంటే ఇదే. కొందరు దీన్ని చేరిన మంది మీద తీస్తారు, కొందరు ఫాలోవర్ల మీద తీస్తారు, రెండు పద్ధతులకు రెండు అంకెలు వస్తాయి కాబట్టి దేని మీద తీశారో రిపోర్టులో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఇంకో సంగతి, లైక్ కొట్టడానికి ఆలోచించే పని లేదు. సేవ్ చేసుకున్నారంటే మళ్లీ చూడాలనుకుంటున్నారు, షేర్ చేశారంటే అక్కకో వదినకో చూపిస్తున్నారు, చీరల వ్యాపారంలో కొనే మాట అక్కడే మొదలవుతుంది.

అదే అంకె ఇంకో వ్యాపారానికి పనికిరాకపోవచ్చు. గద్వాల చీర కొరియర్‌లో బెంగళూరుకైనా పోతుంది కాబట్టి చూసేవాళ్లు ఎక్కడున్నా మంచిదే. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో టిఫిన్ సెంటర్‌కు మాత్రం లక్ష వ్యూస్ ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచైతే ఒక్క దోశ కూడా అదనంగా పోదు. ఏ ఊళ్లవాళ్లు, ఏ వయసువాళ్లు చూస్తున్నారో ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో కనబడుతుంది. దానికి ప్రొఫెషనల్ అకౌంట్ ఉండాలి, అది ఫ్రీ. టిఫిన్ సెంటర్ లాంటివాటికైతే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో, మ్యాప్స్‌లో షాపు వివరాలు కనబడే పేజీ) ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది దారి అడిగారు అన్నది ఇంకా అక్కరకొస్తుంది.

ఇప్పుడు మీ బిడ్డ బీకాం దగ్గరికి వస్తా, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ప్రకటనకు 5,000 రూపాయలు పెడితే 100 మంది వాట్సాప్‌లో అడిగారు, 10 మంది కొన్నారు అనుకుందాం. అంటే ఒక్కో అమ్మకానికి 500 ఖర్చు. చీర మీద 800 మిగిలితే లాభమే, 400 మిగిలితే ఎంత వైరల్ అయినా నష్టమే. ఇందులోనే కొరియర్ ఖర్చు, వాపసు వచ్చిన చీరలు, జీఎస్టీ కూడా చూడాలి. వీడియో ఎడిటింగ్ చాలామంది పిల్లలకు వస్తుంది, క్యాప్షన్లు ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతుంది, మార్జిన్, అంటే ఒక్కో చీర మీద మిగిలేది, పట్టుకుని మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మీ అమ్మాయి చదివిన అకౌంట్స్ అక్కడే పనికొస్తాయి, కాబట్టి డిగ్రీ వృథా అవుతుందని బాధపడకండి.

కొన్నవాళ్లు ఎక్కడ చూసి వచ్చారో తెలుసుకోవడం ఎట్ల అంటే, పెద్ద కంపెనీలు లింకులకు యూటీఎం ట్యాగులు (ఏ పోస్టు నుంచి వచ్చారో చెప్పే గుర్తులు) పెట్టి గూగుల్ అనలిటిక్స్‌లో, అంటే వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ల లెక్క చూపించే టూల్‌లో, చూస్తాయి. చిన్న షాపుకు రీల్‌లో ఒక కూపన్ కోడ్ చెప్పడం, వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు పెట్టుకోవడం, కౌంటర్ దగ్గర ఒక్క మాట అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవడం చాలు.

అమ్మాయికి నా మాటగా రెండు విషయాలు చెప్పండి. ఫాలోవర్లను కొనిపెట్టమని ఏ ఓనర్ అడిగినా ఒప్పుకోవద్దు, కొన్న ఫాలోవర్లు స్పందించరు, ఎంగేజ్‌మెంట్ రేటు పడిపోతుంది, తర్వాత ఏ లెక్కా నమ్మేలా ఉండదు. రెండోది, ఎవరితోనైనా డబ్బిచ్చి గానీ ఫ్రీగా చీర ఇచ్చి గానీ చెప్పిస్తే అది ప్రకటన అని పోస్టులో స్పష్టంగా రాయాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

అమీర్‌పేటలో వేలు పోసి కోర్సు కట్టడానికి ఇప్పుడే తొందరపడకండి. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో అనలిటిక్స్ కోర్సు, సర్టిఫికెట్ ఉచితం, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ శిక్షణ సైట్ బ్లూప్రింట్‌లో పాఠాలు ఉచితం. వాటితోపాటు ఇప్పుడున్న షాపు లెక్కనే నెలకొక పేజీగా రాయమనండి: ఎంత ఖర్చయింది, ఎంతమంది అడిగారు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఏ రీల్ పనిచేయలేదు, ఎందుకని. అంకెలు ఎవరికైనా చూపించే ముందు ఓనర్ అనుమతి తీసుకోవాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ పేజీల గురించే ఎక్కువ అడుగుతారు. పండగల సీజన్‌లో రాత్రిళ్లు కూడా పని ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి.

బ్యాంకు ఆశ వదులుకోమని నేను అనను. ఐబీపీఎస్ క్లర్కుకు జనరల్‌లో 28 ఏళ్ల దాకా, పీఓకు (ప్రొబేషనరీ ఆఫీసర్) 30 దాకా రాయొచ్చు, రిజర్వేషన్ ఉంటే ఇంకా సడలింపు ఉంది. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఈ పని చేయనివ్వండి, ఆ ఏడాదిలో తనకు ఇష్టమైతే పొద్దున పూట బ్యాంకు పుస్తకాలూ చదువుకోవచ్చు. ఏడాది చివర ఆ పేజీలు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అవసరమైతే నాకూ పంపండి, చూసి చెప్తా.