విదేశాల్లో టీచర్ ఉద్యోగం: కాగితాలు ముందు, జీతం లెక్క తర్వాత

మీరు అడిగినవి రెండు. ఐదేళ్ల అనుభవంతో విదేశాల్లో పాఠాలు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆఫర్ వస్తే ఆ జీతం మంచిదని ఎలా తెలుస్తుంది?

దరఖాస్తుల కన్నా ముందు కాగితాలు చూసుకోండి. ఇంటర్వ్యూ గట్టెక్కాక ఇక్కడ ఆగిపోవడం చాలా బాధ. పాస్‌పోర్ట్, డిగ్రీ, అనుభవ పత్రం మూడింటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించొద్దు, దానిమీద ముద్ర వేయడం కుదరదు. వెళ్లే దేశం 1961 హేగ్ ఒప్పందంలో (ఒకరి పత్రాలను ఒకరు ఒకే ముద్రతో ఒప్పుకునే దేశాల ఒప్పందం) ఉంటే అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదని అది ఇచ్చిన దేశ ప్రభుత్వం వేసే ముద్ర, మామూలుగా సరిపోతుంది. చైనాకు 2023 నవంబర్ నుంచి ఈ ఒప్పందం అమల్లో ఉన్నా, మన దేశపు పత్రాలకు అది సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి. యూఏఈకి అలా కాదు: డిగ్రీ ఇచ్చిన దేశంలోని వాళ్ల ఎంబసీ ముద్ర, ఆపైన వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కావాలి. దీనికి వారాలు పడుతుంది. పోలీస్ క్లియరెన్స్ (మీ మీద నేరాల కేసులు లేవనే పత్రం) మాత్రం చివర్లో తీసుకోండి, కొన్ని నెలలకే పాతబడిపోతుంది. ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు చెల్లేది రెండేళ్లే.

ఇక జీతం. నెలకు ఎంతన్నదాని కన్నా అందులో బేసిక్ ఎంతన్నది ముఖ్యం. యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. ఏడాది నిండకుండా వచ్చేస్తే ఏమీ రాదు. మొత్తం 10,000 దిర్హాముల జీతంలో బేసిక్ 5,000 అయితే ఏడాదికి 3,500 జమవుతుంది. అదే 3,000 అయితే 2,100 మాత్రమే. అంకె ఒకటే కనిపించినా రెండూ వేరు వేరు ఉద్యోగాలు.

ఒప్పందంలో ఇవి కూడా రాతపూర్వకంగా ఉండాలి: వేసవి సెలవుల జీతం (కొన్ని బడులు పది నెలలకే ఇస్తాయి), ఇల్లు ఇస్తారా లేక అద్దె డబ్బు ఇస్తారా, మీ పిల్లల్లో ఎంతమందికి ఫీజు మాఫీ, వారానికి ఎన్ని పీరియడ్లు, మధ్యలో మానేస్తే ఏం తిరిగి కట్టాలి. పీరియడ్ల సంఖ్య అడగడానికి మొహమాటపడొద్దు. వారానికి 22కీ 30కీ తేడా ఎంతో మీ సాయంత్రాలే చెబుతాయి.

ఇంగ్లండ్ అయితే క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్, అక్కడి అధికారిక టీచర్ గుర్తింపు) గురించి ముందే చూసుకోండి. అది లేకుండా అక్కడి స్థానిక ప్రభుత్వాల బడుల్లో, తమ దేశంలో టీచర్ అర్హత పొందిన విదేశీ టీచర్లు నాలుగేళ్ల వరకు చెప్పొచ్చు, కానీ వీసాకు బడి స్పాన్సర్‌షిప్ తప్పనిసరి.

ఏజెంటు మీ దగ్గర ఫీజు అడిగితే అక్కడే ఆగండి. టీచర్‌ను వెతికిపెట్టినందుకు మామూలుగా డబ్బు ఇచ్చేది బడి. "టూరిస్ట్ వీసా మీద రండి, తర్వాత మార్చుకుందాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. చైనాలో పని చేయాలంటే జెడ్ వీసా (అక్కడి వర్క్ వీసా) మీద దిగాలి, దిగిన 30 రోజుల్లో నివాస పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. టూరిస్ట్ వీసాతో పాఠం చెబితే జరిమానా, దేశ బహిష్కరణ పడేది మీ మీద.

ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా ఎప్పుడంటారా? సంతకాలైన ఒప్పందంతో పాటు వర్క్ వీసా ఆమోదం కూడా మీ చేతికి వచ్చాకే.