బుట్ట చేతుల పాతకాలపు రవిక: చంక లోతు పెంచితే బిగుతు పెరుగుతుంది

మీరు రాసినది క్లుప్తంగా ఇదీ: వెంకటగిరి చీర మీదికి, మీ నాయనమ్మ గారి రవికనే ఆదిగా, అంటే కొలతలకు నమూనాగా, పెట్టుకొని, బుట్ట చేతులతో, నడుము దాకా దిగే పొడవుతో పాతకాలపు రవిక ఇంట్లోనే కుట్టుకున్నారు. చేతులు కిందికి వదిలి నిలబడితే చక్కగానే ఉంది కాని, చేయి పైకెత్తగానే రవిక మొత్తం పక్కల నుంచి లేచిపోతున్నది. చంక బిగుతు అనుకొని రెండుసార్లు కత్తిరించి లోతు పెంచినా తగ్గకపోగా ఎక్కువైంది. ఆది సరిగ్గానే ఉన్నప్పుడు తప్పు ఎక్కడ జరిగిందని మీ సందేహం.

తప్పు ఆ రెండుసార్లు కత్తెర పెట్టడంలోనే ఉంది. ఇంత ధీమాగా చెప్పగలగడానికి కారణం, ఆరేళ్ల కిందట నేనూ సరిగ్గా అదే పని చేసి, నేరేడుపండు రంగు రూబియా గుడ్డనొకదాన్ని పాడుచేసుకున్నాను. మాది కందుకూరు పక్క పల్లె, కాపురం నెల్లూరులో. ఒంగోలులో దగ్గరివాళ్ల పెళ్లికి కట్టుకుందామని మా అమ్మమ్మ పాత రవికను ముందు పెట్టుకొని కొత్తది కుట్టాను. పెళ్లింట గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టబోయి రెండు చేతులూ ఎత్తేసరికి, కింది అంచు నాలుగు వేళ్ల మేర పైకి లేచింది. అక్కడే కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ అందరూ వినేటట్టు, "చంకలో ముక్కేదమ్మే? ముక్క లేకుండా రవిక ఎట్టా కుట్టినావు?" అని అడిగింది. ఆమె రవికలో చంక కింద చిన్న చదరపు ముక్క ఉన్నమాట నేను చూడకపోలేదు. చూసి, చిరిగిన చోట వేసుకున్న అతుకు కాబోలు అనుకొని వదిలేశాను.

అందువల్ల మీరు ముందుగా చేయవలసిన పని, మీ నాయనమ్మ గారి రవికను తిరగేసి చంక దగ్గర చూడడం. అక్కడ చదరంగా గాని, రెండు మూలలు లాగినట్టుగా గాని ఒక ముక్క కనబడితే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మీరు ఆది తీసుకున్నది రవికలోని పెద్ద భాగాలకు మాత్రమే. చేయి ఆడడానికి ఆ కుట్టినావిడ పెట్టిన గుడ్డ ఆదిలోకి రాలేదు.

లోతు పెంచితే బిగుతు ఎందుకు పెరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన బుద్ధికి తోచే దానికి నేరుగా ఎదురుగా ఉంటుంది. చేయి కిందికి ఉన్నప్పుడు చంక దగ్గరి గుడ్డ మడత పడి ఊరికే ఉంటుంది. చేయి ఎత్తినప్పుడు నడుము నుంచి మోచేతి దాకా ఒంటి పక్కన ఉండే దూరం సాగుతుంది, ఆ సాగిన దూరానికి సరిపడా గుడ్డను రవిక పక్క కుట్టూ చేతి అడుగు కుట్టూ కలిసి ఇవ్వాలి. చంకను ఒక అంగుళం కిందికి దించితే పక్క కుట్టులో ఒక అంగుళం, చేతి అడుగు కుట్టులో మరో అంగుళం, మొత్తం రెండంగుళాలు పోతాయి. ఇక చేయి లేచేటప్పుడు కావలసిన గుడ్డ దొరకక రవిక నడుము అంచును పైకి లాక్కుంటుంది. అది మనకు చంక పట్టేసినట్టు అనిపిస్తుంది, మనం మళ్లీ కత్తెర తీస్తాం.

నా కొలతలు చెబితే పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. నా చాతీ 36 అంగుళాలు, భుజం 14. మొదట భుజం గీత నుంచి చంక అడుగు వరకు నిట్టనిలువుగా ఏడున్నర పెట్టాను, తరువాత ఎనిమిది, ఆపైన ఎనిమిదిన్నర. ఇప్పుడు నేను కుట్టుకునే రవికలన్నిటికీ ఏడే పెడుతున్నాను. చంక అడుగు కుట్టు ఒంటికి అర అంగుళం దిగువన ఉంటే చాలు. ఒరుసుకుంటుందేమో అన్న భయం ఉంటే ఆ చోట మార్జిన్‌ను, అంటే కుట్టుకు అవతల లోపల మిగిలే గుడ్డను, పావు అంగుళానికి కత్తిరించి, మెత్తని మల్లు గుడ్డతో పట్టీ వేయండి. చాలామందికి ఒరుసుకొనేది ఎత్తుగా ఉన్న చంక కాదు, లోపల ముద్దగా మిగిలిపోయిన మార్జిన్.

ఇప్పటికే కత్తిరించిన రవికకు గుడ్డను తిరిగి అతికించలేము కనుక, దాన్ని పారేయకుండా ఇలా బాగుచేసుకోవచ్చు. చంక కుట్టును అడుగున, పక్క కుట్టుకు అటు రెండున్నర, ఇటు రెండున్నర అంగుళాల మేర విప్పండి. పక్క కుట్టును, చేతి అడుగు కుట్టును కదిలించవద్దు. విప్పిన సందులోకి అయిదంగుళాల పొడవు, నడిమధ్య రెండంగుళాల వెడల్పు ఉండి రెండు కొసలూ సన్నబడే మామిడాకు ఆకారపు ముక్కను, చుట్టూ అర అంగుళం మార్జిన్ వదిలి, అదే గుడ్డలోంచి ఏటవాలుగా కత్తిరించండి. ఏటవాలు ముక్క కొద్దిగా సాగుతుంది కనుక చేతి కదలికకు లొంగుతుంది. దాని ఒక అంచు రవిక వైపు, రెండో అంచు చేతి వైపు కుట్టాలి. కొసలు రెండూ చంక కుట్టులో కలిసిపోవాలి. మిషన్ మీద కొసల దగ్గర ముడతలు పడతాయి, అందుకని అక్కడ ఒక్కొక్క అంగుళం చేత్తో కుట్టి, మిగతాది మిషన్ మీద వేయడం మేలు. రంగు కలిసే గుడ్డ మిగలకపోతే నడుము దగ్గర లోపలికి మడిచిన పట్టీలోంచి తీసుకోవచ్చు. చంకలోది ఎవరికీ కనబడదు. నా నేరేడు రంగు రవిక ఈ పద్ధతిలోనే బతికింది, కాని ఎనిమిదిన్నర దాకా కోసిన పాపానికి ముక్కను రెండున్నర వెడల్పు చేయవలసి వచ్చి, చేతులు దించినప్పుడు అక్కడ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఇంట్లో కట్టుకుంటాను.

మళ్లీ కొత్తది కుట్టేటట్టయితే నేరుగా మంచి గుడ్డ మీదికి పోకండి. ఇంట్లో నలిగిన పాత పంచె ఒకటి తీసి, చేతులతో సహా రవికను కచ్చా కుట్టు మీద నిలబెట్టి తొడిగి చూడండి. అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకోవడం పరీక్ష కాదు. అటక మీద డబ్బా అందుకున్నట్టు చేయి ఎత్తండి, వెనక్కి వంచి జడ అల్లుకున్నట్టు చేయండి, ముందుకు వంగి ముగ్గు వేసినట్టు కూర్చోండి. ఈ మూడింటిలో ఎక్కడ లాగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, విప్పి, ఆ పంచె ముక్కలనే నమూనాగా దాచుకోండి. కొలతలు మాత్రం ఇంకొకరి చేత తీయించుకోవాలి. మన చేయి మనమే ఎత్తి టేపు చుట్టుకుంటే భుజం కదిలి, కొలత అర అంగుళం అటూ ఇటూ అవుతుంది.

బుట్ట చేతుల సంగతి. మీ నాయనమ్మ గారి రవికలో బుట్ట భుజం మీదే లేచి నిలబడి ఉందని రాశారు, మీరు కుట్టినదానిలో అది దండ (మోచేతికి పైభాగం) మీదికి జారినట్టు ఉందన్నారు. భుజం కొలత ఉన్నది ఉన్నట్టు పెట్టడమే దీనికి కారణం. మామూలు చేతికి కుట్టు భుజం ఎముక కొస మీద పడుతుంది. బుట్ట చేతికి ఆ కుట్టు ఎముక కొసకు అర అంగుళం లోపలికి, మెడ వైపుకు రావాలి. నేను 14 అంగుళాల భుజానికి 13 పెడతాను. బుట్ట తానుగా ఆ అర అంగుళాన్ని కప్పి, ఆపైన లేస్తుంది. వెంకటగిరి నూలు చీర పలచన, పైట కింద భుజం మొత్తం కనబడుతుంది, అందుచేత ఈ అర అంగుళం తేడా ఆ చీర మీద దాగదు.

చేతి నమూనాను పాత వార్తాపత్రిక మీద గీసుకోండి. ముందు బుట్ట లేని మామూలు చేయి గీయాలి. దండ లావు కొలిచేటప్పుడు చేయి మడిచి పిడికిలి భుజానికి తగిలించి కొలవాలి, లేకపోతే చేయి మడిచినప్పుడల్లా కింది పట్టీ కోసుకుంటుంది. నా దండ 12 అంగుళాలు, దానికి ఒకటిన్నర కలిపి పదమూడున్నర పెడతాను. ఇక చేతి పై భాగపు గుండ్రం ఎత్తు. ఇది ఎంత ఎక్కువ పెడితే చేయి కిందికి అంత అందంగా వేలాడుతుంది, పైకి అంత కష్టంగా లేస్తుంది. నేను నాలుగు నుంచి మూడుంబావుకు తగ్గించాను. ఎత్తు తగ్గితే భుజం దగ్గర అడ్డ ముడతలు పడతాయని దర్జీలు ఒప్పుకోరు. బుట్ట కుచ్చుల్లో ఆ ముడతలు కనబడవు కనుక పాతకాలపు రవికకు ఈ సౌకర్యం ఉంది.

ఆ కాగితాన్ని నిలువుగా ఆరు పట్టీలుగా కత్తిరించి, పైన మొత్తం నాలుగంగుళాలు, కింద రెండంగుళాలు విడేటట్టు దూరం జరిపి, కింద మరో కాగితం పెట్టి అతికించండి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు, బుట్ట అణిగిపోయిందని తరువాత బాధపడతారు. వెడల్పు కుచ్చులకు సరిపోతుంది, ఉబ్బుకు మాత్రం ఎత్తు కావాలి. నడినెత్తిన ఒక అంగుళం పెంచి గుండ్రాన్ని కొత్తగా గీయాలి. కుచ్చుల కోసం మిషన్ మీద అన్నిటికంటే పెద్ద కుట్టుతో, పావు అంగుళం ఎడంగా రెండు వరసలు వేసి, కింది దారాలు రెండూ కలిపి లాగండి. ఒక్క వరసతో లాగితే కుచ్చులు ఒక చోట గుంపవుతాయి. కుచ్చులు భుజం కుట్టుకు అటు రెండున్నర, ఇటు రెండున్నర అంగుళాల లోపలే ఉండాలి. చంక వైపుకు ఒక్క కుచ్చు కూడా దిగరాదు. దిగితే అక్కడ ముద్దకట్టి, మళ్లీ చంక బిగుతు అన్న అనుమానమే వస్తుంది.

పొడవు, టక్కుల (చాతీ దగ్గర గుడ్డను మడిచి వేసే కుట్ల) గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాతకాలపు రవిక నడుము దాకా దిగుతుంది కనుక చాతీ కింది చుట్టుకొలత, నడుము కొలత విడివిడిగా తీసుకోవాలి. టక్కు కొస చాతీ మొనకు ఒక అంగుళం ముందే ఆగాలి. పక్కల అడుగున అంగుళం చీలిక వదిలితే కూర్చున్నప్పుడు అంచు మడత పడదు. వెనక కాజాలా, ముందు హుక్కులా అన్నది మీ ఇష్టం. మా అమ్మమ్మ మాత్రం హుక్కు ఊడిన ప్రతిచోటా పిన్నీసు పెట్టుకొనేది, దాన్నీ ఆది అనుకోకండి.

గుడ్డ విషయానికి వస్తే, 36 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న రూబియా గాని నూలు గుడ్డ గాని బుట్ట చేతులకు మీటరు చాలదు, ఒకటింబావు తీసుకోండి. కత్తిరించే ముందు గుడ్డను, లైనింగ్‌ను కూడా, రాత్రంతా నీళ్లలో నానవేసి, పిండకుండా నీడలో ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. గుడ్డ నానవేసి, లైనింగ్ నానవేయడం మరిచిపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పైగుడ్డ సంచిలా ముడతలు పడుతుంది. మీ నాయనమ్మ గారి రవిక ఏళ్ల తరబడి ఉతుకులు చూసి కుంచించుకుపోయినదే కదా, దాని పొడవును ఆదిగా తీసుకొని ఉంటే అర అంగుళమైనా కలపవలసి ఉంటుంది.

ఇక బుట్ట నిలబడడానికి కొందరు లోపల నెట్ గుడ్డ వేస్తారు. నెల్లూరు ఎండలో అది దండకు గుచ్చుకుంటుంది, నాకు పడదు. అన్నం గంజి చాలు. వరి పండే జిల్లాలో దానికి కరువు లేదు. గంజిని పలచగా వడకట్టి, రవిక మొత్తాన్ని కాకుండా చేతులను మాత్రమే అందులో ముంచి, తడిగా ఉండగానే బుట్టల్లో గుడ్డ కుక్కి, గుండ్రంగా సర్ది నీడలో ఆరవేయండి. కుక్కేది పాత తెల్లగుడ్డే అయి ఉండాలి. నేను మొదటిసారి వార్తాపత్రిక ఉండలు చుట్టి పెట్టాను, ఎడమ చేతి లోపలి వైపున ఒక ప్రకటన తాలూకు సగం అక్షరాలు ఇప్పటికీ అద్దంలోలా తిరగేసి చదువుకోవచ్చు.