అమెరికాలో స్కూల్ బోర్డు సభ్యులు మళ్లీ ఎన్నికల్లో నిలబడినప్పుడు వేటికి ప్రాధాన్యం ఇస్తారు?

స్కూల్ బోర్డు అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను పర్యవేక్షించే స్థానిక మండలి. మొదటిసారి నిలబడేవారు ఆశయాలు చెప్పుకోవచ్చు. పదవిలో ఉన్నవారు మాత్రం బోర్డు నిర్ణయాలపై తాము వేసిన ఓట్లకు జవాబు చెప్పాలి.

అన్నిటికన్నా బరువైనది బడ్జెట్. అక్కడ బడుల ఖర్చులో అధిక భాగం రాష్ట్ర నిధులు, స్థానిక పన్నుల నుంచి, అందులోనూ ముఖ్యంగా ఆస్తి పన్ను నుంచి వస్తుంది. కేంద్రం వాటా మామూలుగా పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కరోనా తర్వాత 2021 చట్టం ద్వారా బడులకు దాదాపు 12,200 కోట్ల డాలర్లు అదనంగా కేటాయించారు. వాటిని దేనికి వాడాలో ఖరారు చేసే గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. ఆ డబ్బుతో నియమించిన కౌన్సెలర్లను, ప్రత్యేక బోధకులను ఇప్పుడు ఎలా నిలుపుకోవాలి? పిల్లల సంఖ్య తగ్గిన చోట ఏ బడిని మూసివేయాలి? దీనికి సూటిగా జవాబివ్వని అభ్యర్థిని నేనైతే నమ్మను.

తర్వాతివి చదువులో వెనుకబాటు, హాజరు, ఉపాధ్యాయుల జీతాలు, భద్రత. సభ్యులు తరగతి గదిని స్వయంగా నడపరు. బడులను నడిపే ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంటును నియమించి, పనితీరును బేరీజు వేస్తారు. కాబట్టి ఆ అధికారిని ఏ లక్ష్యాలతో నిలదీశారన్నది తప్పక అడగాలి.

చాలాచోట్ల ఈ ఎన్నికలకు వచ్చే ఓటర్లు తక్కువ. అందుకే బడి గ్రంథాలయంలో ఏ పుస్తకాలు ఉండాలన్న వంటి వివాదాలు ప్రచారాన్ని సులువుగా ఆక్రమిస్తాయి. బోర్డు సమావేశాల నమోదులు సాధారణంగా అందరికీ అందుబాటులో ఉంటాయి. కరపత్రం కన్నా ముందు వాటిని చదవండి.