పదో రోజు రాత్రి గురించి

చిన్నీ,

ఆరు నెలలు సెలవు పెట్టి, కీమో అయ్యేదాకా అమ్మ దగ్గరే ఉంటానన్నావట. మీ నాన్న ఫోన్లో చెప్పారు. వినగానే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే భయమేసింది. నీకు ఇరవై ఆరేళ్ళు. మీ అమ్మమ్మకి ఇదే అండాశయ క్యాన్సర్‌కి కీమో పెట్టించినప్పుడు నాకు నలభై రెండు, పైగా నర్సుని. అయినా తప్పు చేశాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రిపోర్టులు తేదీల వరుసలో పెట్టు. కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వు. బయటి చట్నీలు వద్దు. జలుబుతో చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా గుమ్మంలోనే ఆపు, మొహమాటపడకు.

అమ్మకి ఎక్కించేది ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో వైపుకి లాగే సన్నటి దారాలుంటాయి. మొదటి మందు వాటిని బిగుసుకుపోయేలా చేస్తుంది. రెండోది డీఎన్ఏకే అతుక్కుపోతుంది. ఏది క్యాన్సర్ కణమో, ఏది ఎముకల్లోని మూలుగో ఆ మందులకి తెలియదు. త్వరత్వరగా చీలే కణమైతే చాలు, దెబ్బ పడుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు రక్తంలో ఒక రోజుకి మించి పెద్దగా నిలవవు. మూలుగ కొత్తవి చేయడం ఆపితే ఉన్నవి అయిపోతాయి. దాదాపు పదో రోజుకి కౌంట్ అట్టడుగుకి చేరి, మూడో వారానికి మళ్ళీ లేస్తుంది. 21 రోజులకోసారి కీమో పెట్టేది అందుకే.

2004లో అమ్మమ్మకి రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో, అయిన పదో రోజు. నేను సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి దుప్పటి కప్పుకుని ఉంది. "కాస్త చలిగా ఉందే" అంది. థర్మామీటర్ పెడితే 101. గొంతు చూశాను, ఎర్రగా లేదు. దగ్గు లేదు. సెలైన్ పెట్టిన చోట వాపు లేదు, చీము లేదు. ఎక్కడా ఏమీ లేదు కదా, మామూలు జ్వరమే అనుకుని పారాసిటమాల్ ఇచ్చాను. గంటలో చెమట పట్టి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. చిన్నీ, నేను పడుకున్నాను.

నాలుగింటికి మెలకువ వచ్చి చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. పక్కంతా తడి. నన్ను గుర్తుపట్టలేదు. ఆటోలో తీసుకెళ్తే బీపీ 70కి, న్యూట్రోఫిల్స్ 200కి పడిపోయి ఉన్నాయి. అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, ఒక్క మాట చెప్పింది. "ఎరుపు, వాపు, చీము కనిపించాలంటే ఆ కణాలు ఉండాలి కదమ్మా. చీము అంటేనే చచ్చిన న్యూట్రోఫిల్స్. అవే లేనప్పుడు జ్వరం ఒక్కటే ఆధారం." ఆ ఒక్క ఆధారాన్నీ నేను మాత్ర వేసి చెరిపేశాను. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి బయటపడింది. తర్వాతి సైకిల్ వెనక్కి జరిగింది, డోసు తగ్గించారు. ఆ తర్వాత మూడేళ్ళు మనతో ఉంది. నువ్వు అప్పుడు అయిదేళ్ళదానివి, ఆమె గుండు నిమురుతూ కూర్చునేదానివి.

అందుకని, 100.4 దాటితే మాత్ర వెయ్యకు. పొద్దున చూద్దాంలే అనుకోకు. డాక్టర్‌కి ఫోన్ చేస్తూనే బయల్దేరు. క్యాజువాలిటీలో నీ మొదటి మాట "కీమో నడుస్తోంది, పదో రోజు, జ్వరం" అని ఉండాలి. వెళ్ళిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, అడిగి మరీ పెట్టించు.

ఇమ్యూనిటీ పెంచే పొడి ఏదో తెప్పించావట. ఎవరు తెప్పించమన్నారే నిన్ను? డాక్టర్‌కి చెప్పకుండా అది అమ్మ నోట్లోకి వెళ్ళిందో, ఊరుకోను. రోగనిరోధక శక్తి అంటే చెంచాతో పోసి నింపేది కాదు. ఒక పక్క న్యూట్రోఫిల్స్ పడిపోతుంటే, ఇంకో పక్క మందుకి చచ్చే క్యాన్సర్ కణాల ముక్కలు చూసి, క్యాన్సర్‌ని వేటాడే టీ కణాలనే ఇంకో రకం తెల్ల కణాలు మేలుకోవచ్చు. కీమోకి ముందూ తర్వాతా తీసిన గడ్డ ముక్కల్ని పోల్చి చూసినవాళ్ళకి, చాలామందిలో టీ కణాలు చురుగ్గా మారడం కనిపించింది. కౌంట్ లేపడానికి అవసరమైతే వాళ్ళే ఇంజెక్షన్ రాస్తారు, కీమో అయ్యాక 24 గంటలు ఆగి ఇస్తారు. దానికి నడుము, తుంటి ఎముకలు నొప్పి పెడతాయి. మూలుగ పని చేస్తోందని అమ్మకి చెప్పు, కంగారుపడదు. అయ్యో, తిట్టానా? తిన్నావా నువ్వు?

ఇంకొకటి, అమ్మ ముందు అనకు. అమ్మమ్మకి, ఇప్పుడు మీ అమ్మకి. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ని అడుగు. ఆ జన్యువులు తెగిన డీఎన్ఏని బాగుచేస్తాయి. వాటిలో లోపముంటే క్యాన్సర్ కణం కార్బోప్లాటిన్ దెబ్బ నుంచి కోలుకోలేదు, మందు బాగా పని చేస్తుంది. కానీ ఆ లోపం బిడ్డలకి వచ్చే అవకాశం సగానికి సగం. అమ్మకి ఉందని తేలితే నువ్వూ నేనూ కలిసే వెళ్ళి రక్తం ఇద్దాం.

థర్మామీటర్లు రెండు కొను. ఈ నెల సైకిల్ తేదీ చెప్పు, పదో రోజుకి ముందే వచ్చేస్తాను. ఆ రాత్రి అమ్మ దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు పడుకుందువు గాని.

మీ పెద్దమ్మ